పగ్గం తెగితే ఎద్దును అమ్ముకుందామా?

ఈ ఏడాది దసరా సెలవుల తర్వాత మన కంప్యూటరు ల్యాబులోకి అడుగుపెట్టిన వాళ్ళందరూ ఒక చిత్రం చూసే వుంటారు. ఎడమ చేతి వైపు రెండు వరుసల్లో పద్దెనిమిది కంప్యూటర్లు. ఒక్కొక్క దాని నెత్తిన తెల్ల సుద్దతో ఇంటూ గుర్తు. ఆయుధపూజ నాడు పెట్టిన కుంకుమ బొట్టు ఇంకా చెరిగిపోలేదు. దాని పక్కనే ఈ ఇంటూ. బొట్టేమో "నువ్వు దేవుడివి" అంటుంటే సుద్ద గీతలు "నువ్వు తుక్కువి" అంటున్నాయి. స్టోర్సు రిజిస్టరులో ఈ పద్దెనిమిదింటినీ కండెమ్ చేయవలసిన వాటిగా రాశారు. కారణం రాసే గడిలో మొదటి దాని ఎదుట "పైథాన్ ప్రోగ్రాము నడపగానే ఆగిపోతున్నది" అని వుంది. తక్కిన పదిహేడింటి ఎదుట పదిహేడు డిటో గుర్తులు.

నా వ్యాసం ఆ పదిహేడు డిటోల మీద.

ఎవరినో వేలెత్తి చూపడానికి ఇది రాయడం లేదని ముందే మనవి చేసుకుంటున్నాను. ఆ జాబితా తయారు కావడంలో స్టోర్సు వాళ్ళ పాత్ర ఎంతో, విద్యార్థులమైన మా పాత్ర అంతకు మించి వుంది. "సార్, ఇవి పనిచేస్తలేవు" అని పోయి చెప్పింది మేమే. ఎందుకు పనిచేయడం లేదు అని సార్ అడిగితే బిక్కమొహం వేసింది కూడా మేమే.

జరిగిందేమంటే, మూడో సంవత్సరం ప్రాజెక్టు కోసం మా జట్టు పసుపు ఆకుల ఫొటోలు తీసుకుని, ఆకుమచ్చ తెగులు సోకిందా లేదా అని కంప్యూటరు చేత గుర్తుపట్టించాలనుకున్నాం. పసుపు పండే ప్రాంతం మాది, ఫొటోలకు కొదవ లేదు. ల్యాబులో అన్ని కంప్యూటర్లకూ లినక్సే. బొమ్మలను చూసి నేర్చుకునే పెద్ద మాడ్యూలు ఒకటి తెచ్చి పెట్టుకున్నాం. ప్రోగ్రాములో మొదటి పంక్తి ఆ మాడ్యూలును ఇంపోర్టు చేయడం. అంతే, ఆ ఒక్క పంక్తి దగ్గరే ప్రాణం పోయేది. మామూలుగా పైథాన్‌లో తప్పు చేస్తే ఫలానా ఫైలులో ఫలానా పంక్తిలో ఫలానా తప్పు అని చాంతాడంత చెబుతుంది. ఇక్కడ అదేమీ లేదు. కొన్నింట్లో "ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్" అనీ, కొన్నింట్లో "సెగ్మెంటేషన్ ఫాల్ట్" అనీ ఒక్క ముక్క చెప్పి మళ్ళీ మొదటికి వచ్చి నిలబడేది. 'ఇల్లీగల్' అనే మాట చూసి మా జట్టులో ఒకడు నిజంగానే భయపడ్డాడు. దొంగ సాఫ్టువేరు వాడుతున్నామని పట్టుకున్నదేమోనని వాడి అనుమానం. ఆ రోజంతా వాడు ఆ కంప్యూటరు జోలికి పోలేదు.

మిగతా మేమేం తక్కువ తినలేదు. ఆ మాడ్యూలు తీసేసి మళ్ళీ పెట్టాం. పైథాన్ తీసేసి మళ్ళీ పెట్టాం. చివరికి లినక్సే తీసేసి మళ్ళీ పెట్టాం, ఒక్కో కంప్యూటరుకు ఒక పూట చొప్పున. కృత్రిమ మేధను అడిగితే పది మందులు రాసిచ్చింది. పదీ వేశాం. అయిదో మందు దగ్గరికి వచ్చేసరికి అసలు రోగం ఏదో, మందు వల్ల వచ్చిన రోగం ఏదో తెలియకుండా పోయింది. ఆ మేధను తప్పుపట్టి లాభం లేదు. "కడుపులో నొప్పి" అని తప్ప మేం దానికి ఇంకేమీ చెప్పలేదు మరి. ఆఖరికి అందరం కలిసి తీర్మానించిందేమంటే, ఇవి పాత డబ్బాలు, వీటి పని అయిపోయింది, కొత్తవి కావాలని యూనియన్ తరఫున విన్నపం పెట్టాలి అని. పెట్టాం కూడా. సంతకాల్లో నాది మూడోది.

ఆ శనివారం ఇంటికి పోయాను. మాది ముత్యంపేట. పోయేసరికి మా బాపు పొలం కాడ స్టార్టరు డబ్బా ముందు కూచుని వున్నాడు. మోటరు నడవడం లేదు, మక్కకు నీళ్ళు పెట్టాలి. నేను ఉత్సాహంగా "మోటరు కాలిపోయినట్టుంది బాపూ, గుంజాలె" అన్నాను. ఆయన నా వైపు చూడను కూడా చూడలేదు.

"మోటరు గుంజుడు ఆఖరి పని బిడ్డా. గుంజాలంటే నలుగురు మనుషులు, చైను కప్పి, ఒక రోజు. ముందుగాల కరెంటు మూడు ఫేజులు వస్తున్నదా లేదా చూడాలె గద."

చూశాడు. మూడూ వున్నాయి. తర్వాత ఫ్యూజులు చూశాడు. తర్వాత బటను నొక్కి చెవి పెట్టాడు. గుర్రుమని ఆగితే ఒక కథ, అసలు చప్పుడే లేకపోతే ఇంకో కథ, నడిచి రెండు నిమిషాలకు పడిపోతే మూడో కథ. చప్పుడు లేదు. స్టార్టరు లోపల ఒక వైరు వదులై నల్లబడి వుంది. గీకి బిగించాడు. బోరు పోసింది. మొత్తం ఇరవై నిమిషాలు.

గట్టు మీద కూచుని నేను సిగ్గుపడ్డాను. ఏడో తరగతితో చదువు ఆపిన మనిషి ఒక యంత్రం ఆగిపోతే దాన్ని ప్రశ్నలు అడుగుతున్నాడు, తేలిక ప్రశ్న ముందు, బరువు ప్రశ్న వెనుక. సైన్సు చదువుతున్న మేం పద్దెనిమిది యంత్రాలను ఒక్క ప్రశ్న కూడా అడగకుండా సుద్దముక్క చేత పట్టుకున్నాం.

ఇక్కడ అసలు ఆ మాడ్యూలు అంటే ఏమిటో కొంచెం చెప్పాలి. తెలిసినవాళ్ళు ఈ పేరా దాటుకుని పోవచ్చు. పైథాన్‌ను 1991లో గిడో వాన్ రోసమ్ లోకానికి ఇచ్చాడు. రాయడానికి సులువు, నడకలో నిదానం. అందుకని బరువు పనులన్నీ సి, సి ప్లస్ ప్లస్ వంటి భాషల్లో రాసి, యంత్రభాషలోకి ముందే మార్చి, 'ఎస్.ఓ.' అనే తోక వున్న ఫైలుగా ప్యాకు చేసి పంపుతారు. పైథాన్ దాన్ని ఇంపోర్టు చేసుకుని పని చేయించుకుంటుంది. మన భాషలో చెప్పాలంటే మూల ప్రోగ్రాము గింజలు, ఈ ప్యాకు పిండి. గింజలు తెచ్చుకుంటే మన ఊరి గిర్నీలో మనకు కావలసినంత మెత్తగా పట్టించుకోవచ్చు, కాకపోతే గిర్నీ దగ్గర వరుసలో నిలబడాలి. పిండి తెచ్చుకుంటే పని తొందరగా అవుతుంది, కానీ ఎక్కడో పట్టినవాడు తన రాయికి తగ్గట్టు పట్టి వుంటాడు. వాడి రాయి వేరు, మన పొయ్యి వేరు అయినప్పుడు వచ్చే తంటాలే ఇవన్నీ.

పిండి వంకతో చెప్పాను గానీ ఇందులో మూడు నాలుగు రకాల పేచీలున్నాయి. ఆ యంత్రభాషలో వున్న ఒక ఆజ్ఞ మన ప్రాసెసరుకు రాకపోవచ్చు. ఆ ఫైలు ఒక లైబ్రరీని అడిగితే లినక్సు దానికి అదే పేరు గల ఇంకో పాత లైబ్రరీని అందించవచ్చు. లేదా అది ఒక రకం పైథాన్ కోసమో, ఒక రకం నంపై కోసమో పట్టింది కావచ్చు. 2024 జూన్‌లో నంపై రెండో అవతారం వచ్చినప్పుడు, పాత నంపైతో పట్టిన మాడ్యూళ్ళను కొత్తదానితో కలిపితే కూలిపోయే ప్రమాదం వుందని అదే హెచ్చరిక ముద్రించేది. అట్లా ముందే నోరు విప్పి చెప్పే మాడ్యూళ్ళు పుణ్యాత్మురాళ్ళు. కొన్ని చెప్పవు.

ఎందుకు చెప్పవంటే, చెప్పే వ్యవధి వుండదు. పైథాన్ తప్పయితే పైథాన్ చూసుకుంటుంది. ఈ కూలిపోవడం పైథాన్ కాళ్ళ కింద జరుగుతుంది. ప్రాసెసరు "ఇది నా వల్ల కాదు" అంటుంది. లినక్సు వెంటనే ఆ ప్రోగ్రామును పట్టుకుని బయటికి నెట్టేస్తుంది. ఇంకెక్కడి చాంతాడు? అయితే పోతూ పోతూ ఒక అంకెను మాత్రం విడిచిపోతుంది. మాకు తెలియనిదల్లా అదే.

సోమవారం పొద్దున్న ల్యాబు అన్నను బతిమాలి తాళం తీయించాను. ఒక నోటు పుస్తకం పట్టుకుని పద్దెనిమిదింటి ముందూ కూచున్నాను. పెద్ద ప్రోగ్రాము పక్కన పెట్టి, ఆ ఒక్క ఇంపోర్టు పంక్తినే నడపడం, అది కూలగానే 'ఎకో' అని, డాలరు గుర్తూ ప్రశ్న గుర్తూ కొట్టి ఆ అంకె రాసుకోవడం. పదహారింట్లో 132 వచ్చింది. రెండింట్లో 139.

ఈ అంకెల్లోంచి 128 తీసేయాలి. మొదటి దాంట్లో 4 మిగిలింది, రెండో దాంట్లో 11. నాలుగో నంబరు సంకేతం అంటే ప్రాసెసరుకు రాని ఆజ్ఞ ఇచ్చారని అర్థం, మా వాణ్ణి భయపెట్టిన 'ఇల్లీగల్' అదే. పదకొండో నంబరు అంటే ప్రోగ్రాము తనది కాని మెమరీలో కాలు పెట్టిందని, అంటే గట్టు దాటి పక్కవాడి చేనులో పడ్డదని. రెండూ రెండు వేర్వేరు రోగాలు. జ్వరానికీ పాము కాటుకూ ఒకటే చీటీ రాసినట్టు మేం రెండింటికీ డిటో పెట్టాం!

తర్వాతి ప్రశ్న, ఎక్కడ? 2012లో వచ్చిన పైథాన్ 3.3 నుంచీ 'ఫాల్ట్‌హ్యాండ్లర్' అనే పనిముట్టు పైథాన్‌తో పాటే వస్తున్నది. విక్టర్ స్టిన్నర్ అనే ఫ్రెంచి ప్రోగ్రామరు రాశాడు. దాన్ని ముందే మేల్కొలిపి వుంచితే, ప్రోగ్రాము కూలే క్షణంలో పైథాన్ ఏ పంక్తిలో వుందో గబగబా రాసి పెడుతుంది. అన్నిటికంటే పైన రాసింది చావుకు అన్నిటికంటే దగ్గరి పంక్తి. ఇన్నేళ్ళుగా మన ల్యాబులో ప్రతి కంప్యూటరులోనూ అది వుంది. ఎవరూ పిలవలేదు, అది పలకలేదు.

అది చూపిన చోటు దాకా పోయి, ఇంకా లోపలికి చూడడానికి జీడీబీని తెరిచాను. 1986లో రిచర్డ్ స్టాల్‌మన్ మొదలుపెట్టిన పాత పనిముట్టు ఇది. కూలిన చోట ప్రాసెసరు ఏ ఆజ్ఞ దగ్గర ఆగిందో చూపమని అడిగితే, 'వి' అక్షరంతో మొదలయ్యే ఒక ఆజ్ఞ చూపింది. పదహారింట్లో పదహారూ అదే ఆజ్ఞ. ఈసారి కృత్రిమ మేధకు ఆ ఆజ్ఞ పేరూ, 132 అంకే చెప్పి అడిగాను. పది మందులు రాయలేదు. ఆ ఆజ్ఞ ఏవీఎక్స్ అనే వర్గానిది, నీ ప్రాసెసరుకు అది వచ్చో రాదో చూసుకో అని ఒక్క మాటలో చెప్పింది. లినక్సులో 'ప్రాక్' అనే అరలో 'సీపీయూ ఇన్ఫో' అనే ఫైలు వుంటుంది, ప్రాసెసరుకు ఏయే విద్యలు వచ్చో అందులో వరుసగా రాసి వుంటాయి. ఆ పదహారింట్లో ఏవీఎక్స్ అనే మాట లేదు. ల్యాబులో కుడి వైపున వున్న కొత్త కంప్యూటర్లలో వుంది.

ఏవీఎక్స్ అంటే ఒకే ఆజ్ఞతో ఎక్కువ అంకెల మీద ఒకేసారి లెక్క చేయించే విద్య. 2011లో ఇంటెల్ ప్రాసెసర్లలోకి వచ్చింది. కానీ చవక రకాలైన పెంటియం, సెలెరాన్‌లలో ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు దాన్ని పెట్టలేదు. మన పదహారూ 2013లో కొన్న పెంటియంలు. చవక అని కొన్నాం, తప్పు లేదు, ఉన్నంతలో కొనాలి. అటు చూస్తే 2018లో టెన్సర్‌ఫ్లో 1.6 వచ్చినప్పుడు, ఇక మీదట తాము పట్టి పంపే ప్యాకులు ఏవీఎక్స్ వున్న ప్రాసెసర్ల కోసమే అనీ, పాతవాటి మీద నడవకపోవచ్చు అనీ ముందే ప్రకటించారు. ఇట్లాంటి ప్రకటనలు మనం చదవం. పెట్టి పడిపోయాక కంప్యూటరును తిడతాం.

పాత యంత్రాలకే ఈ కష్టం అనుకుంటే అదీ పొరపాటే. 2021 జనవరిలో జెట్సన్ నానో అనే చిన్న బోర్డుల మీద నంపై 1.19.5ను ఇంపోర్టు చేయగానే ఇదే 'ఇల్లీగల్' మాట వచ్చేది. నంపై కింద పనిచేసే ఓపెన్‌బ్లాస్ లైబ్రరీకి 'నీది ఫలానా రకం ప్రాసెసరు' అని ఒక్క పంక్తిలో చెబితే నడిచేది. ఆ ఒక్క పంక్తి తెలియక ఎంతమంది బోర్డులు వాపసు పంపారో!

ఇక 139 వచ్చిన ఆ రెండింటి సంగతి. ఇది చెప్పుకుంటే నవ్వు వస్తుంది, ఏడుపూ వస్తుంది. అవి రెండూ పాతవి కానే కావు. ఏవీఎక్స్ వున్న కొత్త కంప్యూటర్లే, స్థలం లేక ఎడమ వైపు పెట్టారు. 'ఎల్‌డీడీ' అనే ఆజ్ఞ ఒకటుంది, ఒక ఎస్.ఓ. ఫైలు ఏయే లైబ్రరీలను పిలుస్తున్నదో, లినక్సు వాటిని ఏ అరలోంచి తెచ్చి ఇస్తున్నదో చూపుతుంది. ఈ రెండింట్లో ఒక లైబ్రరీ రావలసిన అరలోంచి కాక, ఎవరో సీనియరు ప్రాజెక్టు అరలోంచి వస్తున్నది. ల్యాబులో అందరికీ 'స్టూడెంట్' అనే ఒకటే లాగిన్. ఆ సీనియరు తన సౌకర్యం కోసం లైబ్రరీల దారి చూపే పంక్తి ఒకటి లాగిన్ ఫైలులో రాసుకుని, డిగ్రీ పుచ్చుకుని వెళ్ళిపోయాడు. పంక్తి మిగిలిపోయింది. లోపలి అమరిక బొత్తిగా తేడాగా వుంటే లినక్సు గడపలోనే ఆపి "ఇది సరిపోదు" అని ఇంపోర్టు తప్పు చూపేది. పేరు అదే, గుర్తులూ అవే, లోపలి కొలతలు మాత్రం వేరు. అందుకే లోపలికి రానిచ్చి, తర్వాత కుప్పకూలింది. ఆ పంక్తి చెరిపేశాను. రెండూ నడిచాయి. పన్నెండు నిమిషాల పని. రిజిస్టరు ప్రకారమైతే ఆ రెండు కొత్త కంప్యూటర్లూ పాతవాటితో కలిసి తుక్కు కింద పోయేవి.

పదహారింటి కథ అంత సులువుగా తెమలలేదు. లేని విద్యను ప్రాసెసరుకు నేర్పలేం. గింజలు తెచ్చి ఇక్కడే పట్టిద్దామంటే ఆ పెద్ద మాడ్యూలును పట్టే శక్తి మన పెంటియంలకు లేదు. ఒప్పుకున్నాను. అయితే నంపై మాటేమిటి? అది మొదలవుతూనే ప్రాసెసరుకు ఏమొచ్చో చూసుకుని, వచ్చినదాంతోనే పని కానిస్తుంది. పదహారింట్లోనూ నిక్షేపంగా ఇంపోర్టు అయింది. గ్రాఫులు గీసే మాడ్యూలూ నడిచింది. ఆకుల కొలతలు తీసే ఇంకో చిన్న మాడ్యూలును గింజలుగా తెచ్చి ఒక పెంటియం మీదే రాత్రి ఎనిమిదికి మొదలుపెడితే తెల్లవారేసరికి తయారైంది. ఒకదాని మీద పట్టిన పిండి మిగతా పదిహేనింటికీ సరిపోయింది, అన్నీ ఒకే రకం కనుక. ఇప్పుడు మా జట్టు ఫొటోలు కత్తిరించడం, కొలవడం, లెక్కలు, గ్రాఫులు అన్నీ వీటి మీద చేస్తున్నది. నేర్చుకునే బరువు పని ఒక్కటే కొత్తవాటి మీద. బి.ఎస్సీ. పాఠ్యప్రణాళికలో మనం చేసే ప్రాక్టికల్సు అన్నీ ఒకటొకటిగా ఈ పదహారింటి మీద నడిపి చూశాను. కూలింది ఒక్కటీ లేదు.

సార్లలో కొందరి వాదన నాకు తెలుసు. "అవి పన్నెండేళ్ళ నాటివి, ఈ రోజు కాకపోతే రేపైనా పోయేవే, కొత్తవి వస్తామంటే కాదనడం దేనికి?" న్యాయమైన మాటే. హార్డు డిస్కులు అరిగిపోయినవి వున్నాయి, ఫ్యాను చప్పుడుకు పక్కవాడి మాట వినబడనివి వున్నాయి. ఆ కారణం చేత ఏదైనా పోవలసి వస్తే పోనివ్వండి, ఆ కారణమే రాయండి. నా అభ్యంతరం కారణం లేకుండా పోవడానికి. పైగా, కొత్తవి ఎప్పుడు వస్తాయో ఎవరికీ తెలియదు. పాతవి మాత్రం రిజిస్టరు మీద సంతకం పడిన మర్నాడే పోతాయి. మూడో సంవత్సరంలో మేం అరవై రెండు మందిమి. మొత్తం ఇరవై నాలుగు కంప్యూటర్లలో పద్దెనిమిది పోతే మిగిలేవి ఆరు. పట్నంలో వుండి ఇంట్లో ల్యాప్‌టాప్ వున్న వాళ్ళకు అది వార్త మాత్రమే. సాయంత్రం బస్సు తప్పితే ఊరికి చేరలేని మాబోటి వాళ్ళకు ల్యాబులో గంట అంటే గంటే. ఇక్కడ దొరకని కంప్యూటరు ఇంకెక్కడా దొరకదు.

ఇంకో సంగతి కూడా దాచుకోకుండా చెబుతాను. ఆగిపోయిన యంత్రం అనే మాట మా ఊరివాళ్ళకు తేలిగ్గా వినబడదు. 2015 డిసెంబరులో మా ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ మూతపడింది. అప్పుడు నాకు పదేళ్ళు. చెరకు బండ్లు, ట్రాక్టర్లు వరుసగా నిలబడే రోడ్డు ఉన్నట్టుండి ఖాళీ అయిపోవడం గుర్తుంది. దాని కథ వేరు, అక్కడి కారణాలు యంత్రాలవి కావు. రెండింటినీ ముడిపెట్టడం లేదు. 'కండెమ్' అనే మాట చూసినప్పుడు నా కాలు ఎందుకు ఆగిందో చెబుతున్నానంతే.

ఇంతకూ ఈ గుణం మనకు ఎక్కడిది? బొత్తిగా మనకు రానిదా? కానే కాదు. పక్క గదిలో కెమిస్ట్రీ ల్యాబుకు పోయి చూడండి. సాల్ట్ అనాలిసిస్ చేయని బి.ఎస్సీ. విద్యార్థి ఎవడు? పేరు చెప్పని ఒక ఉప్పు చేతిలో పెడతారు. రంగు చూస్తాం, వేడి చేస్తాం, మంటలో పెడతాం, గ్రూపు వెంట గ్రూపుగా పరీక్షలు చేసుకుంటూ కాదన్నదాన్ని కొట్టేసుకుంటూ పోతాం. ఒక పరీక్ష తేలకపోతే ఉప్పును సింకులో పోసి "సార్, ఇది పాడైన ఉప్పు, కొత్తది ఇవ్వండి" అని ఎవడూ అనడు. అంటే ఆ రోజుకు మార్కులు గుండు సున్నా. అదే మనుషులం గోడ దాటి కంప్యూటరు ల్యాబుకు వచ్చేసరికి పరీక్ష మాట మరిచిపోయి కొత్త ఉప్పు అడుగుతాం. కారణం, ఇక్కడ అట్లాంటి ప్రాక్టికల్ లేదు. మూడేళ్ళుగా నడిచే ప్రోగ్రాములే రాయించారు, నడవనిదాన్ని ఎప్పుడూ చేతిలో పెట్టలేదు. రికార్డులో అవుటుపుట్టు సరిగా వుంటే చాలు, లేకపోతే పక్కవాడిది అతికించుకోవచ్చు. (అతికించుకున్నాం. పేర్లు అడగవద్దు.)

అందుకని నేను అడిగేది పెద్ద కోరిక కాదు. కంప్యూటరు ప్రాక్టికల్ పరీక్షలో నాలుగు ప్రశ్నల్లో ఒకటి నడవని ప్రోగ్రాము ఇవ్వండి. కావాలనే ఒక లైబ్రరీ దారి తప్పించండి, లేదా ఒక రకం నంపైకి పట్టిన మాడ్యూలును ఇంకో రకంతో కలిపి పెట్టండి. బాగు చేస్తే సగం మార్కులు, ఎందుకు కూలిందో రాసిన దానికి సగం. బాగు చేయలేకపోయినా రోగం పట్టుకున్నవాడికి ఆ సగం ఇచ్చి తీరాలి, ఎందుకంటే ఏవీఎక్స్ లేని పెంటియం లాగా కొన్నింటికి మందు వుండదు, రోగం తెలియడమే పని. ఇక స్టోర్సు రిజిస్టరులో కారణం గడిని కొంచెం వెడల్పు చేయండి. కూలినప్పుడు వచ్చిన అంకె ఎంత, ఏ పంక్తిలో, ఇంకో కంప్యూటరులో అదే పంక్తి నడిచిందా లేదా. ఇంతకు మించి అక్కర్లేదు. డిటో గుర్తు మాత్రం నిషేధించాలి.

ఇంగ్లీషు రాదు కాబట్టి ఇవన్నీ మనకు అబ్బవని కొందరు మిత్రులు అంటారు. ఆ మాటకూ ఒక జవాబు వుంది. హైదరాబాదు కేంద్రంగా స్వేచ్ఛ సంస్థ వాళ్ళు ఎన్నడో లినక్సు తెరను తెలుగులోకి తెచ్చే పని తలకెత్తుకున్నారు. తెర మీది మాట అర్థం కాకపోవడం ఒకటే అడ్డయితే ఆ అడ్డు తీయడానికి పూనుకున్న తెలుగువాళ్ళున్నారు. మన మెదళ్ళలో వున్న "తీసేసి మళ్ళీ పెట్టు" అనే మంత్రాన్ని వాళ్ళు కూడా అనువదించలేరు.

తెలుగు మాట వచ్చింది గనుక ఇదీ చెప్పనివ్వండి. 2018 ఫిబ్రవరిలో మన అక్షరం ఒకటి ప్రపంచమంతటా ఐఫోన్లను కూల్చింది. 'జ్ఞా' అక్షరం, దాని నడుమ కంటికి కనబడని గుర్తు ఒకటి చేరి, సందేశంలో వస్తే చాలు, ఆ సందేశాల యాపు తెరవడానికి వీలయ్యేది కాదు. ఎంతోమంది ఫోను పాడైందనుకున్నారు. ఓపికున్న కొందరు ఆ అక్షరాన్ని విడదీసి చూశారు. జ, దాని కింది విరామం, ఞ, ఆ కనబడని గుర్తు, దీర్ఘం, మొత్తం అయిదు ముక్కలు. అందులో ఏది తీసేస్తే కూలడం లేదో చూసుకుంటూ పోయారు. తప్పు అక్షరాలను గీసే లోపలి భాగంలో వుందని తేలింది. ఫిబ్రవరి 19న ఆపిల్ సంస్థ సవరణ విడుదల చేసింది. ఫోన్లు బాగుపడ్డాయి, మన అక్షరం అక్షరంగానే మిగిలింది.

మన పద్దెనిమిదింటి విషయంలో నా నోటు పుస్తకం ప్రతిని సార్‌కు ఇచ్చాను. ఆయన మొదటి పేజీ నించుని చదివారు, రెండో పేజీ నుంచి కూచుని చదివారు. రిజిస్టరు మీద సంతకం ఇంకా పడలేదు. ఆ విన్నపం మీద నా సంతకాన్ని నేను వెనక్కి తీసుకున్నాను. మిగతా వాళ్ళది వాళ్ళిష్టం. ల్యాబులో ఎడమ వైపు ఏడో కంప్యూటరు మీద ఇంటూ గుర్తు ఇప్పటికీ వుంది. తుడవమని ఎవరూ చెప్పలేదు కనుక తుడవలేదు. దాని ముందు కూచునే ఈ వ్యాసం టైపు చేశాను.